ఆ రాత్రి కరపత్రం రాసింది ఎవరు?

ప్రశ్న: 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బస్సులో తెల్లవారికి సీటు వదలనందుకు అరెస్టయ్యారనీ, నాలుగు రోజులకే అక్కడి నల్లజాతీయులు బస్సులెక్కడం మానేశారనీ మా అమ్మాయి పాఠంలో చదివాను. ఒక్క అరెస్టుతో ఊరంతా అంత త్వరగా ఎలా కదిలింది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఊరిని కదిలించే ఏర్పాటు అంతకుముందే జరిగి ఉంది. అందులో ప్రధాన పాత్ర అలబామా స్టేట్ కళాశాలలో ఇంగ్లిషు బోధించిన జో ఆన్ రాబిన్సన్‌ది. అక్కడి బస్సుల్లో ముందు సీట్లు తెల్లవారికే కేటాయించేవారు. 1949లో దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందు నుంచి ఐదో వరుసలో కూర్చున్నందుకు డ్రైవరు మీదికి వచ్చి అరవగా, ఆమె కన్నీళ్లతో దిగిపోయారు. తరువాత ఆమె అధ్యక్షత వహించిన నల్లజాతి మహిళల రాజకీయ మండలి ఈ అవమానాలపై నగర అధికారులతో ఏళ్ల తరబడి వాదించింది. బస్సు ప్రయాణికుల్లో ముప్పావు వంతు నల్లవారేననీ, వారు ఎక్కకపోతే బస్సులు నడవవనీ 1954 మే 21న ఆమె మేయరుకు రాసిన లేఖ, పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర ముందటిది.

1955 మార్చిలో పదిహేనేళ్ల క్లాడెట్ కోల్విన్‌ను ఇదే కారణంతో అరెస్టు చేసినా బస్సుల బహిష్కరణ మొదలు కాలేదు. డిసెంబరు 1న పార్క్స్ అరెస్టు వార్త తెలిసిన రాత్రే రాబిన్సన్ కళాశాలకు వెళ్లి, ఒక సహాధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థుల సాయంతో, మనం సైక్లోస్టైల్ అనే పద్ధతిలో, ఒక్కో కాగితం మీద అదే సందేశాన్ని మూడుసార్లు ముద్రించి, ముక్కలుగా కోసి, తెల్లవారేసరికి వేలాది కరపత్రాలు సిద్ధం చేశారు. ఉదయం ఎనిమిదింటికి పాఠం చెప్పి, ఆ తరువాత వాటిని పంచడానికి బయలుదేరారు. "మరో నల్లజాతి మహిళను" అరెస్టు చేశారంటూ మొదలయ్యే ఆ కరపత్రం కోల్విన్‌ను పేరుతో గుర్తుచేస్తుంది. ఆ "మరో" అన్న ఒక్క మాటలో ఎన్నాళ్ల ఓర్పు ఉందో ఆలోచించండి. కళాశాల ప్రభుత్వ నిధులతో నడిచేది కనుక రాబిన్సన్ తన పేరు మాత్రం వేసుకోలేదు.

సోమవారం, డిసెంబరు 5న, నల్లవారు బస్సులెక్కలేదు. ఈ బహిష్కరణను నడిపేందుకు ఆ మధ్యాహ్నం ఏర్పడిన సంఘానికి 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్ నాయకుడయ్యారు. 381 రోజులు సాగిన ఆ పోరాటంలో రాబిన్సన్ సంఘం వార్తాపత్రికకు సంపాదకత్వం వహించారు, నడిచివెళ్లేవారిని తన కారులో చేరవేశారు. ఆమె ఇంటి కిటికీని రాయితో పగలగొట్టారు. పోలీసు దుస్తుల్లో వచ్చినవారు కారు మీద యాసిడ్ పోయగా రేకుకు చిల్లులు పడ్డాయి. ఆ కారును ఆమె 1960 వరకూ వదులుకోలేదు.