మొలారిటీ లెక్క తప్పితే కెమిస్ట్రీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. కెమిస్ట్రీ ఇష్టం, బీఎస్సీ చేస్తానంటుంది. కానీ మొలారిటీ లెక్కలు తప్పుతోంది. ‘నీకు రాదు, బీటెక్ ఏఐలో చేరు’ అంటున్నాం. ఏది మంచిది? నోట్‌బుక్ పేజీ ఫొటో పంపుతున్నాను.
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: అమ్మా, ఆ పేజీ చూశాను. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌తో 250 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే మొలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయో చెప్పే గాఢత, ఎంత అన్నది లెక్క. దాని ఒక మోల్ బరువు 40 గ్రాములు కాబట్టి నాలుగుని నలభైతో భాగించి 0.1 మోల్ అని సరిగ్గానే రాసింది. తర్వాత దాన్ని 0.25 లీటర్లతో భాగించాల్సింది పోయి 250తో భాగించింది. 0.4 మొలార్ రావాల్సిన చోట 0.0004 వచ్చింది. మోల్ అంటే ఏమిటో తెలియని పిల్లయితే ఆ మొదటి మెట్టే ఎక్కేది కాదు. మీ అమ్మాయి లీటర్ల దగ్గర తడబడింది, అంతే. దానికి ‘నీకు రాదు’ అనడం అన్యాయం. రోజూ ఆ మాట వింటే వచ్చిన లెక్క కూడా చెయ్యి వణికి తప్పుతుంది.

జీడిమెట్ల, పాశమైలారం ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో నిత్యం ఉండే పని ఈ గాఢత లెక్కే. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, కాబట్టి తూకాన్ని నమ్మరు. ద్రావణం తయారుచేసి, కచ్చితంగా తూచగలిగే పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో టైట్రేషన్ చేసి (చర్య పూర్తయ్యే దాకా చుక్కచుక్కగా కలిపి కొలిచి), తేలిన అసలు గాఢతను సీసా మీద తేదీతో సహా రాస్తారు. ఓపిక, శుభ్రత ఉన్నవాళ్లు అక్కడ నిలబడతారు.

ఇక ఏఐ సంగతి. కోర్సు పేరు చూసి లక్షలు కట్టే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను, నాకు భయంగానే ఉంటుంది. చాలా కాలేజీల్లో పేరు మారినంతగా పాఠం మారలేదు. గణితం, ప్రోగ్రామింగ్ మీద ఇష్టం లేకుండా చేరితే రెండో ఏడాదికే బ్యాక్‌లాగులు మొదలవుతాయి. మీ అమ్మాయికి కోడింగ్ ఇష్టమా అన్నది మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. అడిగారా అసలు?

బీఎస్సీతోనే ఆగిపోతే మొదట్లో జీతం తక్కువే, షిఫ్టులూ ఉంటాయి. ఎనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ దాకా చదివించే ఓపిక మీకు ఉండాలి. బీఫార్మసీ కూడా ఆలోచించండి, ఎంపీసీ వాళ్లకూ ఎప్‌సెట్ ద్వారా సీట్లుంటాయి. తొందరేం లేదు, ఇంకా ఏడాదిపైనే సమయముంది.

ఈ వారం ప్రతి అంకె పక్కన గ్రాములా, లీటర్లా అని రాస్తూ లెక్కలు చేయమనండి. అంతకంటే ముందు, 0.1 మోల్ దాకా తను చేసిందంతా కరెక్టేనని ఇవాళే చెప్పండి.