దంతం పొదిగిన పాత పెట్టెని అమ్మొచ్చా, పాలిష్ చేయించొచ్చా?

భీమిలిలో తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే నల్లచెక్క మీద తెల్లటి పువ్వులు పొదిగిన పెట్టె దొరికింది, వైజాగ్‌లో ఎక్కడ అమ్మితే మంచి రేటు వస్తుంది, ఇచ్చేముందు పాలిష్ చేయించాలా అని అడిగారు. ముందు పాలిష్ సంగతి చెప్తాను. వద్దండి. నేను ఆ పని చేసి చెడగొట్టుకున్నాను.

మాది వన్‌టౌన్. నాయనమ్మ తాంబూలం సామాను పెట్టుకునే పెట్టె ఒకటుండేది, రెండు జానల పొడవు. మూత నిండా తీగ, అంచుల్లో చిన్న చిన్న ఆకులు. ఆవిడ పోయాక అది నా వాటాకి వచ్చింది. జిడ్డు పట్టి పసుపురంగుకి తిరిగిందని తెలిసిన వడ్రంగికి ఇచ్చాను. పాపం అతను శ్రద్ధగానే చేశాడు. సాండ్‌పేపర్ పట్టి, వార్నిష్ వేసి, అద్దంలా మెరిపించి తెచ్చాడు. ఇంట్లో అందరూ బాగుందన్నారు. రాత్రి లైటు కింద పెట్టి చూస్తే ఆకులున్నాయి గానీ ఆకుల్లో ఈనెలు లేవు!

ఎందుకంటే ఈ పనిలో దంతాన్ని పువ్వులా కోసి చెక్కలో పొదిగితే సగమే అయినట్టు. తర్వాత దాని మీద సన్నటి గీతలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపుతారు. రేకులు, ఈనెలు, నీడలు అన్నీ ఆ గీతల్లోనే ఉంటాయి. వాటి లోతు ఎంతని? సాండ్‌పేపర్ నాలుగుసార్లు ఆడితే ఇక ఉండవు. నా పెట్టె మీద ఇప్పుడు మిగిలినవి ఉత్త తెల్లటి బిళ్ళలు.

ఇది మన ఊరి పనే. ఈ తీరంలో బట్టల వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషు, డచ్చి వాళ్ళు మన కంసాలుల చేత కుర్చీలు, బీరువాలు, రాతబల్లలు చేయించుకునేవారు. ఆకారం వాళ్ళది. పూలతీగలు మాత్రం మన కలంకారీ బట్టల మీద ఉండేలాంటివే. 1756లో ఇటు వచ్చిన జాన్ కార్నెయిల్ అనే మేజర్, విశాఖపట్నం చీటీబట్టలకే (పూల అద్దకం బట్టలకే) కాదు, ఈ పొదుగుడు పనికీ పేరున్న ఊరని రాసుకున్నాడు. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి గంధపుచెక్క పెట్టెల మీద దంతపు రేకులే పూర్తిగా అతికించేవారు. తర్వాత ముళ్ళపంది ముళ్ళు, కొమ్ములతో చేసిన పెట్టెలు వచ్చాయి. దొరలు ఇళ్ళకి వెళ్తూ ఇవన్నీ ఓడల్లో పట్టుకుపోయారు. అందుకే మన ఊరి పేరుతో పిలిచే ఈ సామాను లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంటుంది. అక్కడివాళ్ళు ఇప్పటికీ 'విజగపటం' అనే అంటారు.

ఇక్కడ మిగిలినవాటి కథ వేరు. 1948 చట్టంతో జమీందారీలు పోయాక పెద్ద ఇళ్ళలోంచి సామాను బళ్ళ మీద బయటికొచ్చిందని మా నాన్న చెప్పేవారు. స్టీలు బీరువా కొత్తగా వచ్చిన రోజులు, పాతచెక్క ఎవరికి కావాలి? మా ఇంట్లోనే ఒక రోజ్‌వుడ్ మంచం పాతసామాన్లవాడికి పోయింది. బదులుగా ఏమొచ్చిందో చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది.

ఇక అమ్మకం. మీ పెట్టె మీదున్నది నిజంగా ఏనుగు దంతమైతే, ఎంత పాతదైనా మన దేశంలో అమ్మకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం ఆగిపోయాయి. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, కానీ దానికీ కాగితం ఉండాలి. అటవీశాఖ ఆఫీసులో అడగండి. పైగా వందేళ్ళు దాటిన కళావస్తువుని 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న తమ్ముడి సూట్‌కేసులో పెట్టేస్తాను అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఇంగ్లండ్‌లో కూడా 2022 నుంచి దంతం అమ్మకాల మీద గట్టి ఆంక్షలున్నాయి.

దంతం కాకపోవచ్చు కూడా. భూతద్దం పెట్టి చూడండి. ఎముకైతే సన్నటి నల్లచుక్కలో, పొట్టిగీతలో కనిపిస్తాయి. దంతంలో అవి ఉండవు. అడ్డంగా కోసిన దంతపు ముక్క అయితే వలలా ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి. ఎముకో కొమ్మో అని మీకు మీరే తేల్చేసుకుని బేరం పెట్టకండి, తెలిసినవాళ్ళకి చూపించండి. చెక్క సామాను ఏదైనా అమ్మేటట్టయితే పురావస్తు శాఖ లైసెన్సున్న డీలర్ దగ్గరికే వెళ్ళండి.

ఇంకోమాట. పాత సామాను ఉందని తెలియగానే రాముడి బొమ్మున్న 1818 అణా నాణెం లక్షలు పలుకుతుందనీ, రాగిచెంబు బియ్యపుగింజల్ని లాగుతుందనీ చెప్పేవాళ్ళు తయారవుతారు. ఆ నాణెం చలామణీలో ఉన్నదే కాదు, రైస్ పుల్లింగ్ అయితే శుద్ధ మోసం. గుమ్మంలోంచే పంపేయండి.

ప్రస్తుతానికి మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము మాత్రం దులపండి. తడిగుడ్డ, నిమ్మకాయ, కొబ్బరినూనె ఏవీ వద్దు. ఊడిన తెల్లముక్కలుంటే చిన్న కవర్లో వేసి ఆ పెట్టెలోనే ఉంచండి. తాతగారికి అది ఎవరిచ్చారో తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే వెళ్ళి అడిగి రాసిపెట్టుకోండి. మా నాయనమ్మని నేను ఆ మాట అడగనేలేదు.