జమ్ములో నడిచే పడవ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జనవరిలో నీటిపక్షుల లెక్కకు శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల (చిత్తడి నేల)లోకి దిగుతున్నారనీ, మీ కుర్రాళ్లంతా చందాలేసుకుని పడవ కొంటున్నారనీ రాశావు. చాలా సంతోషం. కానీ నువ్వు ఫొటో పంపిన ఆ మోటారు పడవకు మాత్రం అడ్వాన్సు ఇవ్వకు. చెరువు మధ్యలో తిరగడానికైతే అది బాగానే ఉంటుంది. మీకు పనున్నది జమ్ము, తుంగ, గుర్రపుడెక్క కమ్ముకున్న చోట. గుర్రపుడెక్క వేళ్లు మోటారు రెక్కలకు చుట్టుకున్నాయంటే ఇంజను ఆపి, వంగి, కత్తితో కోసి తియ్యాలి. అది తీసి మళ్లీ స్టార్టు చేసేసరికి పరజలు, అంటే అడవిబాతులు, అన్నీ లేచిపోతాయి. ఇంక లెక్కపెట్టేదేముంది?

పూర్వం పరజల వేటకు పోయేవాళ్లకు కావలసింది సన్నగా, నీటి మీద ఎత్తు లేకుండా, గెడతో, అంటే నేలకు ఆనించి నెట్టే పొడవాటి కర్రతో, నడిచే పడవ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఆ వేట నేరం, మంచిదే అయింది. అయినా చప్పుడు కాకుండా పిట్ట దగ్గరికి చేరాలన్న అవసరం తుపాకీ ఉన్నవాడికీ బైనాక్యులర్ ఉన్నవాడికీ ఒకటే. అందుకే వాళ్ల పడవ లక్షణాలే నువ్వూ వెతుకు.

అలాగని తాటి దోనె కొనమనడం లేదు. చప్పుడు లేకుండా పోతుంది, నిజమే. కానీ గుండ్రటి అడుగు కావడంతో అలవాటు లేనివాడు కాస్త పక్కకి ఒరిగితే బోల్తా కొడుతుంది. రెండు దోనెలు జతకట్టుకుంటే ఒరగదు గానీ, వాటి సందులో జమ్ము పోగై పడవ కదలదు. థర్మాకోల్ తెప్పకు ముందు కొస మొండిగా ఉంటుంది, గుర్రపుడెక్కను చీల్చుకుపోకుండా కుప్పగా నెట్టుకుపోతుంది. పైగా దాని ముక్కలు ఊడి బీలలోనే పడతాయి. రేకు పడవకి జమ్ము కాడలు రాసుకుంటే చప్పుడు దూరానికి వినిపిస్తుంది.

ఫైబర్ పడవ చేయించుకోండి. పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, బల్లపరుపు అడుగు. కొసల దగ్గర సన్నబడినా నీటికి ఆనే అడుగు ముప్ఫై చదరపు అడుగులుంటుందనుకో, అది ఒక్క అంగుళం దిగితే డెబ్భై కిలోల బరువు మోస్తుంది. నువ్వూ గెడ వేసేవాడూ కలిసి నూట నలభై, పడవ డెబ్భై; మొత్తం మూడంగుళాలే దిగుతుంది. మోకాలి లోతు లేని చోటా నడుస్తుంది. నీళ్లు మరీ తగ్గితే ఇద్దరూ దిగి లాక్కుపోవచ్చు.

అన్నిటికన్నా ముందు కొసలు చూడు. ముక్కు నిటారుగా ఉంటే జమ్ములో గుచ్చుకుని ఆగిపోతుంది. ఏటవాలుగా పైకి లేచి ఉంటే గడ్డి మీదికెక్కి దాన్ని అణచుకుంటూ పోతుంది. వెనక కొస కూడా అలాగే ఉండాలని గట్టిగా చెప్పు. దట్టమైన జమ్ములో పడవ తిప్పడానికి చోటుండదు, వచ్చిన దారినే వెనక్కి రావాలి. వెనక కొస నిలువుగా కోసేసినట్టున్న పడవ అక్కడే ఇరుక్కుంటుంది. డబ్బు కట్టేముందు పడవ బోర్లించి అడుగంతా అరచేత్తో తడిమి చూడు. బోల్టు తల గానీ, పట్టీ గానీ, ఫైబర్ పోగు గానీ చేతికి తగిలితే రేపు గడ్డి కూడా దానికే తగులుకుంటుంది. రంగు తెలుపూ నీలమూ వద్దు. ఎండిన జమ్ము రంగు దగ్గరగా, మెరుపు లేకుండా వేయించు.

గెడకి పద్నాలుగడుగుల వెదురు చాలు. కింది కొసకి చిన్న అడ్డపుల్ల బిగించి కట్టు, లేకపోతే బురదలోకి దిగబడిపోతుంది. ఎప్పుడైనా దిగబడితే పట్టుకుని వేలాడకు, వదిలెయ్యి. పడవ ముందుకెళ్తుంటే గెడ పట్టుకున్నవాడు నీళ్లలో పడేది అప్పుడే. వదిలిన గెడ దగ్గరికి మళ్లీ రావడానికి పడవలో ఒక తెడ్డు ఉండాలి. గెడ వేసేవాడు వెనక నిలబడతాడు, నువ్వు మధ్యలో అడుగున కూర్చో. బైనాక్యులర్ పెట్టుకుని లేచి నిలబడొద్దు. లైఫ్ జాకెట్ ఇద్దరికీ ఉండాల్సిందే. ఈత ఎంత వచ్చినా కాళ్లకు తీగలు చుట్టుకుంటే లాభముండదు.

శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేది చెట్ల మీద, అక్కడ పడవ పనే లేదు. నౌపడ ఉప్పు మడుల దగ్గరా గట్టు మీద నిలబడే లెక్కపెట్టొచ్చు. బీలలో కూడా గట్టు మీంచి కనబడినంతవరకు లెక్క ముగించాకే పడవ దింపండి. వానాకాలంలో నీలికోళ్లు జమ్ములో గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో లోపలికి పోవద్దు. ఈ బీలను కాపాడుకోవడానికి జరిగిన పోరాటంలో 2010 జులై 14న కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. ఈ నీళ్లలో ఏయే పిట్టలు ఎన్నున్నాయో కాగితం మీద పెట్టడం అందుకే నాకు పెద్ద పని అనిపిస్తుంది.

అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. మొదటి ఏడాది గెడ నువ్వు పట్టకు, అక్కడ చేపలు పట్టేవాళ్లలో ఒకర్ని పిలుచుకుని పూర్తి కూలి ఇవ్వు. వల ఎక్కడుందో, బురద ఎక్కడ లోతో ఆయనకే తెలుస్తుంది. పడవ బోర్లించి చూసే రోజు కబురు చెయ్యి, నేనూ వస్తాను.

ఇట్లు
మీ మావయ్య