అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) అయిన మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్ను సెషన్స్ కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అదనపు పీపీగా వేశారని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. చేతికొచ్చిన మొదటి ఫైలే హత్య కేసట. ఊరంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఫైలు చదవడం నీకు నేర్పక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకి ఎప్పుడు చేరిందో, పోస్ట్‌మార్టంలో గాయాలు సాక్షుల మాటకి సరిపోతున్నాయో చూసుకుంటావు. సీసీ ఫుటేజీ ఉంటే సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకి జతచేయాల్సిన సర్టిఫికెట్ దర్యాప్తు అధికారిని ఇప్పుడే అడుగు.

నా టెన్షనంతా సాక్షుల గురించే.

పీపీగా నాకు పదకొండేళ్ల సర్వీసు నిండినప్పటి మాట. కొడుకుని నరుకుతుంటే చూసిన తల్లి, ఆవిడొక్కతే ప్రత్యక్ష సాక్షి. మూడు వాయిదాలకి వచ్చి ఊరికే వెళ్లింది. ఒకసారి జడ్జిగారు సెలవు, రెండుసార్లు డిఫెన్స్ వాళ్లు టైం అడిగారు. నేను గట్టిగా అడ్డు చెప్పనైనా లేదు. మూడోసారి నా టేబుల్ దగ్గరికొచ్చి, "బాబూ, ఇయ్యాలన్నా పిలుస్తారా?" అంది. ఫైల్లోంచి తలెత్తకుండా "కూర్చోమ్మా" అన్నాను. ఎక్కడ కూర్చుంటుంది? వరండాలో ఉన్నది ఒక్కటే బెంచీ, దాని నిండా ముద్దాయి మనుషులు. జరిగి చోటిచ్చింది వాళ్లే, టీ ఇప్పించిందీ వాళ్లే.

నాలుగోసారి బోనెక్కి, "చీకటయ్యా, ఎవరో కనపళ్లేదు" అంది. హాస్టైల్‌గా, అంటే మాకే ఎదురు తిరిగిన సాక్షిగా, ప్రకటించమని జడ్జిగారిని అడిగి, పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్ చూపించి గద్దించాను. ఆ కాగితం మాట మార్చిందని చూపడానికే గానీ నేరం రుజువుకి పనికిరాదని నాకు తెలియక కాదు. ఒళ్లు మండి. ఆవిడ కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ నిలబడింది. కేసు కొట్టేశారు. ఆ రోజు సాక్షికిచ్చే బత్తా (దారి ఖర్చులు) ఇద్దామని కోర్టు కానిస్టేబుల్ వెతికితే, తీసుకోకుండానే వెళ్లిపోయింది.

అందుకే చెబుతున్నా, సాక్షిని ముందురోజే కలువు. ఏం చెప్పాలో నేర్పావంటే నా దగ్గర తిట్లు తింటావు! చూసింది చెప్పమను, ఎవరు ఎక్కడ నుంచి ప్రశ్నలు వేస్తారో చెప్పు, అంతే. భయపడుతుంటే సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టించు, రేపు చూద్దాం అనుకోకు.

ఇంకోటి. చిన్నప్పుడు చదరంగంలో ఓడిపోతుంటే బల్ల తిరగేసేదానివి. ఆ బుద్ధి ఇక్కడ వద్దు. ముద్దాయికి పనికొచ్చే కాగితం ఫైల్లో కనిపిస్తే నువ్వే కోర్టు ముందు పెట్టు. ఎలాగైనా శిక్ష వేయించడం పీపీ పని కాదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది.

తీర్పుల రోజు స్కూటీ మీద ఒక్కదానివీ రాకు, చీకటి పడితే అసలే వద్దు. నా చాదస్తం అనుకున్నా సరే.

మీ కోర్టు వరండాలో బెంచీలు ఎన్నున్నాయో చూసి రాయి. ఒకటే అయితే ఇంకోటి నేను చేయించి పంపిస్తాను.

పెదనాన్న