బల్ల మీద కూర్చునే నాట్యమా?

ప్రశ్న: మా అమ్మాయి ఫోన్‌లో ఒక పాత డాన్స్ వీడియో చూపించింది. ఒకావిడ బల్ల మీద కూర్చుని, గుడ్డసంచిలో ఇరుక్కుపోయినట్టు మెలికలు తిరుగుతోంది. దాదాపు చివరిదాకా అంతే. పేరు ‘లామెంటేషన్’ అట, 1930 నాటిదట. దీన్ని మోడరన్ డాన్స్ అని ఎందుకంటారండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదటిసారి చూసినప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చింది. కూచిపూడి నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు ‘ఏడుపు కళ్లలో కనపడాలి’ అంటూ గంటల తరబడి అద్దం ముందు కూర్చోబెట్టేవారు. ఇక్కడేమో ఆ వీడియోలోని అమెరికన్ డాన్సర్ మార్తా గ్రాహం ముఖం కదిలీ కదలనట్టే ఉంటుంది.

ఆవిడ వేసుకున్నది సాగే జెర్సీ గుడ్డతో గొట్టంలా కుట్టినది. ముఖం, చేతులు, పాదాలు తప్ప ఏమీ కనపడవు. మోకాలు ఒకవైపు, మోచెయ్యి ఇంకోవైపు నెట్టేసరికి మధ్యలో గుడ్డ బిగిసి ఏటవాలుగా గీతలు పడతాయి. ఏడుపంతా ఆ గీతల్లోనే. పోయిందెవరో, ఆవిడ ఎవరికేమవుతుందో చెప్పరు. మన సత్యభామ ముందు ప్రవేశ దరువులో తానెవరో చెప్పుకున్నాకే కదా విరహం మొదలుపెడుతుంది!

ఓసారి నేనూ అలాంటిది కుట్టించుకున్నాను. టైలర్ ‘దిండు గలీబాకి ఇంత పొడుగెందుకమ్మా?’ అన్నాడు. ఇంట్లో బెంచీ మీద కూర్చుని ప్రయత్నిస్తే రెండు నిమిషాలకే పొత్తికడుపు పట్టేసింది. కిటుకు అక్కడే ఉంది మరి. ఊపిరి వదులుతూ పొట్టను వెన్నువైపు లాక్కోవడం, మళ్లీ ఊపిరి పీలుస్తూ వదలడం: కాంట్రాక్షన్, రిలీజ్. గ్రాహం తన పద్ధతంతా దీనిమీదే కట్టింది. యూరప్ వాళ్ల శాస్త్రీయ నాట్యం బ్యాలేలో అమ్మాయి ఎంత కష్టపడినా దూదిపింజలా తేలిపోతున్నట్టు కనపడాలి. ఈవిడ ఆ కష్టాన్నే ఎదురుగా పెట్టింది. నాకు ఇందులో మోడరన్ అనిపించేది అదే.

అలాగని ఆధునికులు పాతను వదిలేశారనుకోకండి. అమెరికన్ డాన్సర్ ఇసడోరా డంకన్ ప్రాచీన గ్రీకు శిల్పాలను చూసి స్ఫూర్తి పొంది, బ్యాలే బూట్లు వదిలేసి వట్టికాళ్లతో ఆడింది. 1913లో పారిస్‌లో బ్యాలే డాన్సర్ నిజిన్‌స్కీ నాట్యం కూర్చిన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ క్రైస్తవం రాకముందు రష్యాలో ఒక పిల్లను బలిచ్చే కథ. పాదాలు లోపలికి తిప్పి, దబదబా నేల తొక్కించాడు. హాల్లో ఈలలు, అరుపులు, గొడవ. స్ట్రావిన్‌స్కీ సంగీతమూ అందుకు తోడైందనుకోండి. అరమండిలో, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడి, నేల తొక్కుతూ పెరిగిన నాకు మాత్రం అందులో అంత ఉలిక్కిపడాల్సిందేముందో అనిపిస్తుంది.

లామెంటేషన్ నాలుగు నిమిషాలే. అమ్మాయితో కలిసి మళ్లీ చూడండి. ఈసారి ముఖం వదిలేసి, మోకాళ్ల మధ్య గుడ్డ మీద చూపు పెట్టండి.