చేపలకు పేను పడ్డదన్నవ్ గదా అల్లుడూ, మందు పోసుడుకు ముందు ఇది చదువు

అల్లుడూ,

నిన్న ఫోన్ల నువ్వు చెప్పినప్పటి సంది నా పానమంతా నీ కుంట కాడనే ఉన్నది. బొచ్చెలు, రవ్వలు కట్టకు ఒళ్లు రాసుకుంటున్నయ్, ఎగిరెగిరి పడుతున్నయ్, దాణా తింటలేవన్నవ్, నర్సంపేటల షాపాయన ఇచ్చిన మందు డబ్బా తెచ్చి పెట్టుకున్న అన్నవ్. ఆ డబ్బా మూత ఇప్పుడే తియ్యకు.

ముందుగాల పొద్దున చల్లటి పూట వల వేసి ఓ ఇరవై చేపలు తీసి చూడు. చేతులు తడుపుకోని పట్టాలె, పొడి చేతుల్తోని పడితే ఒంటి మీది జిగురు పోతది, చేపకు ఆ జిగురే కవచం, అది పోయిన కాడికే పుండు వస్తది, పుండు మీద దూదిలెక్క బూజు పడుతది. రెక్కల మొదట్ల, మొప్ప మూత వెనుక, పొట్ట కింద చూడు. పేనైతే కందిబద్దంత పలుచగ ఉంటది, నీళ్లు కనపడేటంత తేటగ, రెండు నల్ల కండ్లు మాత్రం అవుపడతయ్, వేలు పెడితే పక్కకు జారుతది. దారం లెక్క వేలాడుతుంటే అది పేను కాదు, యాంకర్ వార్మ్, దాన్ని గుంజకు, తల లోపల్నే ఇరుక్కోని పుండైతది. ఎన్ని చేపలకు ఎన్ని ఉన్నయో నోటుబుక్కుల రాయి.

లెక్క ఎందుకంటవా? నార్వేల సముద్రంల వలల పంజరాలు కట్టి సాల్మన్ పెంచుతరు, ఆళ్లకు గూడ పేనే పెద్ద బాధ. అక్కడ సర్కారు రూలు, సగటున ఒక్క చేపకు పెద్ద ఆడపేను 0.5 దాటొద్దు, అంటే ఇరవై చేపలకు పది, అందుకే వారం వారం లెక్కపెడతరు. మన మిర్చికి కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్ ఉన్నదే, గదే మందు ఆళ్లు దాణాల కలిపి పెట్టిన్రు, ఏండ్ల తరబడి పెట్టేసరికి పేన్లు దానికి అలవాటు పడి చస్తలేవు. అంత చదువుకున్నోళ్ల దగ్గర్నే మందు ఓడిపోయినప్పుడు మనం అందాజగ పోస్తే ఏమైతది చెప్పు.

ఇగ అసలు సంగతి విను. ఆ సముద్రపు పేను గుడ్లను తన ఒంటికే రెండు దారాల లెక్క మోసుకోని తిరుగుతది. మన చెరువు పేను అట్ల కాదు, గుడ్లు పెట్టుడుకు చేపను ఇడిసి వచ్చి కర్రకో రాయికో తుంగకో వరుసగ అంటిస్తది. మనకు దొరికే సందు గదే. కుంటల అక్కడక్కడ వెదురు బొంగులు నిలువుగ పాతు, వారానికోసారి బయటికి తీసి ఎండల మంచిగ ఎండబెట్టి, గీకి, మళ్ల పాతు, గుడ్లు ఎండితే చస్తయ్. అంచుల తుంగ కోసెయ్యి. మందేమో పెద్ద పేన్లనే చంపుతది, గుడ్లను ఏం చెయ్యదు, పది పదిహేను రోజులకు అవి పిల్లలై మళ్ల మొదలు. సైపర్‌మెత్రిన్ లాంటిది పోస్తే నీళ్లల్ల సన్న పురుగులు గూడ పోతయ్, బొచ్చెకు గవే తిండి.

అయినా తప్పదు అన్నంత పేను ఉంటే మత్స్యశాఖ ఆఫీసుకు చేపను తీస్కపోయి చూపెట్టి, నీళ్ల లెక్క కట్టుకోనే వెయ్యి. ఎకరంల ఒక్క మీటరు లోతుంటే దగ్గర దగ్గర 40 లక్షల లీటర్లు, నీ కుంట ఒక దిక్కు మడమ లోతు, ఒక దిక్కు నడుము లోతు, కాబట్టి కర్రతోని పది చోట్ల కొలిచి సగటు తియ్యి.

కొత్త చేపపిల్లను చెరువుల ఇడిసే ముందు వంద లీటర్లకు రెండు కిలోల దొడ్డుప్పు కలిపిన నీళ్లల్ల ఒకటి రెండు నిమిషాలు ముంచు, పక్కకు ఒరుగుతుంటే వెంటనే తీసెయ్యి. ఎస్సారెస్పీ కాలువ నీళ్లు వచ్చే తూముకు సన్న జాలి కట్టు, అడవి చేపలు రావొద్దు. చలికాలంల ఎర్ర పుండ్లు కనపడితే అది వేరే రోగం, దానికి భువనేశ్వర్ల మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా వాళ్ల సిఫాక్స్ అనే మందు ఉంటది, హెక్టారుకు మీటరు లోతు నీళ్లకు లీటరు.

ఎండాకాలం నీళ్లు తీసి కుంట నెర్రెలు పడేదాక ఎండబెడితే సగం బాధ అప్పుడే పోతది, ఈసారి ఆ పని ఇడిసిపెట్టకు. రేపు వల తీసినంక లెక్క నాకు వాట్సాప్‌ల పెట్టు, పేను దగ్గరి నుంచి ఫోటో గూడ తియ్యి.

మీ మామ