ఏటా జరగాల్సిన ఓపెన్‌ సోర్స్‌ డెవలపర్ల సమావేశం: లెక్క రెండో ఏడాది నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పదిమంది మిత్రులు కలిసి మీ జిల్లా కేంద్రంలో ఓపెన్‌ సోర్స్‌ (ఎవరైనా కోడ్‌ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌) డెవలపర్ల కోసం ఒకరోజు సమావేశం పెట్టాలనుకుంటున్నారు, దాన్ని ఏటా జరపాలని ఉంది, ఎక్కడ, ఎంత ముందు మొదలుపెట్టాలి, డబ్బు ఎలా సమకూర్చుకోవాలి, వచ్చినవారికి నిజంగా ఏమైనా దక్కాలంటే ఏం చేయాలి. హైదరాబాదులో ఇలాంటి ఒక చిన్న సమావేశాన్ని మూడేళ్ళు నడిపిన బృందంలో నేనూ ఒకణ్ణి. 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగిన డెబ్‌కాన్ఫ్‌లో, అంటే డెబియన్‌ అనే ఓపెన్‌ సోర్స్‌ ఆపరేటింగ్‌ సిస్టమ్‌ డెవలపర్ల వార్షిక సమావేశంలో, కెమెరా దగ్గర నిలబడ్డ వాలంటీర్లలోనూ ఉన్నాను. నాకు తెలిసినదంతా ఈ రెండు చోట్ల నేర్చుకున్నదే.

మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే బరువైన మాట ‘ఏటా’ అన్నది. మొదటి ఏడాది సమావేశం ఎలాగోలా జరిగిపోతుంది; ఉత్సాహం ఉంటుంది, అడిగితే కాదనని మిత్రులుంటారు, పొరపాట్లను వచ్చినవారు కూడా పెద్ద మనసుతో చూస్తారు. కష్టమంతా రెండో ఏడాదిది. మేం మొదటి ఏడాది వెబ్‌సైటు డొమైనును ఒక మిత్రుడి సొంత ఈమెయిలుతో కొన్నాం. ఆయన ఉద్యోగరీత్యా దేశం దాటాక గడువు హెచ్చరికలన్నీ తాను తెరవని ఆ పాత పెట్టెలోనే పడి, డొమైను కాస్తా చేజారిపోయింది. స్పాన్సర్లతో మాట్లాడినవారి ఫోను మారిపోయి నంబర్లు పోయాయి. వంటవారికి ఎంతమందికని చెప్పామో, ఎన్ని ప్లేట్లు మిగిలాయో ఎవరూ రాసిపెట్టలేదు. అంతా ఒకసారి చేసినవాళ్ళమే అయినా, రెండో ఏడాది మళ్ళీ ఓనమాల దగ్గర కూర్చున్నాం.

డెబియన్‌ వారి పద్ధతి చూశాక ఈ తప్పు ఎంత చవకగా తప్పించుకోగలిగిందో అర్థమైంది. 2000లో ఫ్రాన్సులోని బోర్డోలో మొదలైన డెబ్‌కాన్ఫ్‌ దాదాపు ఏటా ఊరూ దేశమూ మారుతుంది: 2022లో కొసోవోలోని ప్రిజ్రెన్‌, 2023లో కొచ్చి, 2024లో దక్షిణ కొరియాలోని బుసాన్‌, 2025లో ఫ్రాన్సులోని బ్రెస్ట్‌. ప్రతిసారీ స్థానిక బృందం కొత్తదే, వారిలో చాలామందికి అంత పెద్ద కార్యక్రమం జరపడం అదే మొదటిసారి. అయినా పని ఆగదు, ఎందుకంటే ఆతిథ్యం కోరే బృందాలు తమ ఊరి వసతులన్నీ వివరంగా రాసి ముందే ప్రతిపాదన పెట్టాలి, ఎంపిక చేయడానికి ఒక కమిటీ ఉంటుంది, బడ్జెట్టు లెక్కలు గిట్‌ రిపాజిటరీలో (ప్రతి మార్పునూ గుర్తుంచుకుంటూ ఫైళ్ళు దాచే చోట) ఉంటాయి, వీడియో బృందమైతే ఊరు మారినా మారదు. మన దేశంలో పైథాన్‌ ప్రోగ్రామింగ్‌ భాష వాడేవారి సమావేశం పైకాన్‌ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై ఢిల్లీ, చెన్నై కూడా తిరిగింది. 2018లోనూ 2023లోనూ హైదరాబాదులో జరిగింది. నగరం మారినప్పుడల్లా వాలంటీర్లు మారినా, వెనుక పైథాన్‌ సాఫ్ట్‌వేర్‌ సొసైటీ ఆఫ్‌ ఇండియా అనే రిజిస్టరైన సంఘం నిలబడి ఉంది. మరోవైపు 2001లో లినక్స్‌ బెంగళూరు పేరుతో మొదలై, 2005 నుంచి ఫాస్‌.ఇన్‌ అన్న పేరుతో దేశమంతటి డెవలపర్లనూ ఆకర్షించిన సమావేశం 2012తో ఆగిపోయింది. పేరు ఎంత పెద్దదైనా, వచ్చే ఏడు ఎవరు మోస్తారన్న ప్రశ్న దాన్ని వదలదు. అందువల్ల మీ పదిమందిలో కనీసం ముగ్గురు వచ్చే ఏడాదీ ఇదే ఊళ్ళో ఉండేవారు కావాలి. పాస్‌వర్డులు, లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు ఏ ఒక్కరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు.

ఇక డబ్బు సంగతి. కంపెనీలు స్పాన్సర్‌షిప్‌ ఇవ్వడానికి అంతగా వెనకాడవు, కానీ ఇచ్చే డబ్బుకు ఇన్వాయిసు అడుగుతాయి. ఒక వ్యక్తి ఖాతాలో వేయమంటే వారి అకౌంట్స్‌ విభాగం ఒప్పుకోదు. హాలు అద్దె మీదా స్పాన్సర్‌షిప్‌ మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుందన్న సంగతి బడ్జెట్టు వేసేటప్పుడే గుర్తుండాలి. మేం మరిచిపోయి, చేతిలో ఉందనుకున్న డబ్బులో ఆరో వంతు దాకా లేదని ఆలస్యంగా తెలుసుకున్నాం. మీకు రిజిస్టరైన సంఘం లేకపోతే, మొదటి ఏడాదే దాని కోసం తిరగడం కన్నా, ఇప్పటికే ఉన్న ఒక సొసైటీనో ట్రస్టునో మీ తరఫున డబ్బు తీసుకుని ఖర్చు పెట్టమని అడగడం మేలు. డెబియన్‌ ప్రాజెక్టు కూడా అంతే: తనకంటూ సొంత కంపెనీ లేకుండా, అమెరికాలోని సాఫ్ట్‌వేర్‌ ఇన్‌ ది పబ్లిక్‌ ఇంటరెస్ట్‌ వంటి సంస్థల చేతుల్లో డబ్బు ఉంచుతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవారు విరాళం ఇస్తామంటే సంతోషంగా సరేననకండి. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి.

స్పాన్సరు మాట ఇచ్చిన రోజుకూ డబ్బు ఖాతాలో పడే రోజుకూ మధ్య ఉండే దూరాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఒక సంస్థ మాకు సమావేశానికి ముందు ఇస్తానన్న మొత్తం సమావేశం జరిగిన నాలుగు నెలలకు వచ్చింది. వంటవారు మాత్రం సగం ముందే తీసుకుని, మిగతా సగం ఆ సాయంత్రమే గిన్నెలు సర్దుకుంటూ అడిగారు, వారిదే న్యాయం. మేం ముగ్గురం జేబుల్లోంచి వేసుకున్నాం. అందుకని రెండో ఏడాది నుంచి, భోజనాల ఖర్చు వచ్చేవారి రుసుములోంచే తీరాలి, స్పాన్సర్ల డబ్బు రాకపోయినా ఎవరూ ఆకలితో వెళ్ళకూడదు అని నియమం పెట్టుకున్నాం.

ప్రవేశం ఉచితంగా పెట్టాలా అన్నది ప్రతి బృందంలోనూ వచ్చే తగువు. బ్రస్సెల్స్‌లో ఏటా శీతాకాలంలో జరిగే ఫాస్‌డెమ్‌ అనే ఓపెన్‌ సోర్స్‌ డెవలపర్ల సమావేశానికి వేలమంది వస్తారు. రుసుము లేదు, ముందుగా నమోదు చేసుకోవలసిన పని కూడా లేదు. అది చూపించి మాలో కొందరు ఉచితమే న్యాయమన్నారు. అయితే ఫాస్‌డెమ్‌ విశ్వవిద్యాలయ భవనాల్లో జరుగుతుంది, అక్కడికి వచ్చినవారికి భోజనం పెట్టే బాధ్యత నిర్వాహకులు నెత్తిన వేసుకోరు. మన దగ్గర పిలిచి భోజనం పెట్టకపోతే ఎవరికీ మనసొప్పదు. మొదటి ఏడాది ఉచితమన్నప్పుడు నమోదు చేసుకున్నవారిలో సగం మంది కూడా రాలేదు, వండిన పులిహోర హాస్టలుకు పంపించాం. మరుసటి ఏడు 200 రూపాయలు పెడితే డబ్బు కట్టినవారిలో రానివారు బాగా తగ్గారు. కట్టలేని విద్యార్థి ఒక్క వాక్యం రాస్తే చాలు, కారణం అడగకుండా మినహాయించాం. డెబ్‌కాన్ఫ్‌ ఈ పనినే పెద్ద ఎత్తున చేస్తుంది: బర్సరీ పేరుతో భోజనం, వసతి, అవసరమైతే ప్రయాణ ఖర్చు కూడా ఇస్తుంది, దరఖాస్తులో ఆ మనిషి చేసిన పనినీ అవసరాన్నీ రెంటినీ చూస్తుంది. కొచ్చిలో నాతో కెమెరా దగ్గర నిలబడినవారిలో ఇద్దరు అలా వచ్చినవారే.

విదేశీ వక్తలను మొదటి ఏడాది పిలవకండి. మన దేశంలో సమావేశానికి రావడానికి వారికి కాన్ఫరెన్సు వీసా కావాలి. దాని కోసం నిర్వాహకులు విదేశాంగ శాఖ నుంచి ఒక అనుమతి, హోం శాఖ నుంచి మరొకటి తెచ్చుకోవాలి. ఒకరోజు సమావేశానికి అంత శ్రమ తగదు.

తేదీ విషయంలో మేం ఆలస్యంగా గ్రహించిన ఒక కిటుకు చెబుతాను. మంచి ముహూర్తాలున్న ఆదివారం నాడు వంటవారు దొరకరు, కుర్చీలు దొరకవు, సౌండ్‌ సిస్టమ్‌ వాళ్ళు ఫోనే ఎత్తరు. ఆషాఢంలో ఇవన్నీ దొరకడమే కాదు, బేరం కూడా కుదురుతుంది. వాన భయం ఉంది కాబట్టి భోజనాలు మాత్రం పైకప్పు కింద పెట్టుకోవాలి. కాలేజీ ఆడిటోరియం తీసుకుంటే ప్రిన్సిపాల్‌ మాట మాత్రమే కాకుండా సంతకం ఉన్న ఉత్తరం తీసుకోండి. ఒకసారి మాకు ఇచ్చిన హాలును పది రోజుల ముందు పరీక్షల పేరుతో వెనక్కి తీసుకున్నారు, చేతిలో కాగితం లేక గట్టిగా అడగలేకపోయాం.

హాలు చూడటానికి వెళ్ళినప్పుడు అందరూ కుర్చీలు లెక్కపెట్టి, ఏసీ చూసి వచ్చేస్తారు. మీరు లాప్‌టాప్‌ తీసుకువెళ్ళి, అక్కడి వైఫైతో ఒక రిపాజిటరీని ఎస్‌ఎస్‌హెచ్‌ (మరో కంప్యూటరుతో సురక్షితంగా కలిపే పద్ధతి) ద్వారా గిట్‌తో క్లోన్‌ చేసి, అంటే నకలు దించి, చూడండి. చాలా కాలేజీల నెట్‌వర్కు బ్రౌజరులో వెబ్‌ పేజీలు తెరవనిస్తుంది కానీ ఎస్‌ఎస్‌హెచ్‌ను అడ్డుకుంటుంది. మా మొదటి ఏడాది మధ్యాహ్నం కోడ్‌ రాసే గంటలన్నీ ఒక్కరి ఫోను హాట్‌స్పాట్‌ చుట్టూ మూగడంతోనే గడిచిపోయాయి. తరువాత నుంచి ఆరోజు వాడే ప్యాకేజీలనూ రిపాజిటరీలనూ ముందే ఒక పాత కంప్యూటరులో దించి, హాలులోనే చిన్న మిర్రరుగా, అంటే అక్కడికక్కడే దొరికే నకలుగా, పెట్టాం. బయటి నెట్‌ ఆగినా పని ఆగలేదు.

టాక్‌ల ఎంపిక గురించి ఒకే మాట. ‘మా కంపెనీ ఉత్పత్తి ఓపెన్‌ సోర్స్‌ను ఎలా వాడుతోంది’ అన్న తరహా ప్రతిపాదనలు సగానికి పైగా వస్తాయి. వాటిని మర్యాదగా పక్కన పెట్టండి. మేం మొదటి విడతలో పేర్లు దాచి చదివాం. ఆ వక్త ఆ ప్రాజెక్టుకు ఏం పంపారు, ఒక ప్యాచా (కోడ్‌ సవరణ), అనువాదమా, డాక్యుమెంటేషనా, ఎక్కడ ఎదురుదెబ్బ తగిలింది అని అడిగాం. ఎదురుదెబ్బ గురించి నిజాయతీగా రాసినవారి టాక్‌లే బాగా నడిచాయి. ఒక్కో టాక్‌ 25 నిమిషాలు దాటనివ్వకుండా, మధ్యలో 15 నిమిషాలు ఖాళీ వదిలిపెట్టండి. కార్యక్రమాల పట్టికలో ఖాళీ కనిపిస్తే చేతులు దురదపెడతాయి, అక్కడ మరో ప్రముఖుణ్ణి ఇరికించాలనిపిస్తుంది. ఒక గది మాత్రం పట్టికే లేకుండా వదలండి: తలుపు మీద తెల్లకాగితం అంటిస్తే, ఒకే ప్రాజెక్టు మీద పనిచేసేవారు తమకు తామే సమయం రాసుకుని కూర్చుంటారు. డెబ్‌కాన్ఫ్‌లో ఇలాంటి కూడికలను బాఫ్‌ అంటారు, అక్కడ తేలినన్ని విషయాలు వేదిక మీద తేలవు.

వీడియో తీయాలనుకుంటే బొమ్మ కన్నా ముందు మైకు మీద ఖర్చు పెట్టండి. కొచ్చిలో ప్రతి గదిలోనూ కెమెరాకు ఒకరు, సౌండ్‌ మిక్సరుకు ఒకరు, ఏ దృశ్యం బయటికి వెళ్ళాలో నిర్ణయించే డైరెక్టరు ఒకరు, వక్తను పరిచయం చేసి సమయం చూసే టాక్‌మీస్టరు ఒకరు ఉండేవారు. అందరూ వాలంటీర్లే, శిక్షణ ఒక పూటే. ఎప్పుడూ కెమెరా ముట్టనివారికి కూడా గంటలో నేర్పగలిగేట్టు పనిని ముక్కలు చేసి రాసిపెట్టుకోవడమే అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది.

ప్రవర్తనా నియమావళి గురించి ప్రత్యేకంగా అడగలేదు కానీ చెప్పాలి. వెబ్‌సైటులో ఎక్కడినుంచో తెచ్చి అంటించిన పేజీ ఉంటే చాలదు. ఇబ్బంది కలిగితే ఎవరిని పిలవాలో ఇద్దరి పేర్లూ ఫోన్‌ నంబర్లూ బ్యాడ్జీ వెనుక అచ్చువేయండి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి.

ఇక వచ్చినవారికి ఏమైనా దక్కాలంటే ఏం చేయాలన్న సంగతి; నేను వెళ్ళిన చోటు నుంచే చెబుతాను. డెబ్‌కాన్ఫ్‌ 2023లో సెప్టెంబరు 10 నుంచి 17 వరకు జరిగింది, 35 దేశాల నుంచి 474 మంది వచ్చారు. దానికి ముందు వారం, 3 నుంచి 9 వరకు, డెబ్‌క్యాంప్‌ పేరుతో టాక్‌లు పెద్దగా లేకుండా కూర్చుని పనిచేసుకునే రోజులు. అక్కడ చీజ్‌ అండ్‌ వైన్‌ విందు ఒక ఆచారం: 2005లో హెల్సింకీలో మొదలైంది, ఎవరి ఊరి తినుబండారం వారు తెచ్చి పంచుతారు. నేను పూతరేకులు తీసుకువెళ్ళాను. కాగితంలా ఉన్న దాన్ని విప్పి తినాలా, అలాగే తినాలా అని అడిగిన ఒకాయనతో మాట కలిసి, ఆయన డెబియన్‌లో ఖతుల (ఫాంట్ల) ప్యాకేజీలు చూసుకుంటారని తెలిసింది. తెలుగు ఖతి ఒకదానిలో ఒక ఒత్తు అక్షరం నుంచి విడిపోయి కనిపించే లోపాన్ని నేను చాలా నెలల క్రితం నివేదించి ఊరుకున్నాను. అది తప్పుగా ఎలా కనిపిస్తోందో నాకు తెలుసు, ఎక్కడ సరిచేయాలో ఆయనకు తెలుసు. తెలుగు చదవలేని ఆయనకు సరైన రూపం కాగితం మీద రాసి చూపిస్తే, మరునాడు అల్పాహారం వేళకు మార్పు సిద్ధం చేశారు. మీ సమావేశానికి వచ్చే కొత్తవారికి నేను చెప్పేది ఒక్కటే: నివేదించి వదిలేసిన ఒక బగ్‌ను (సాఫ్ట్‌వేర్‌ లోపాన్ని) వెంట తెచ్చుకోండి, దాన్ని చూపించి ఎవరితోనైనా మాట మొదలుపెట్టవచ్చు. వాలంటీరుగా పేరిచ్చినా మంచిదే, పని చేతిలో ఉన్న మనిషికి బిడియం తక్కువ.

ఎంత ముందు మొదలుపెట్టాలి అన్నారు. ఒకరోజు సమావేశానికి ఆరు నెలలు చాలు: మొదటి నెలలో హాలు ఉత్తరం, డబ్బు తీసుకునే సంస్థ, రెండో నెలలో ప్రతిపాదనల పిలుపు, ఆఖరి నెలలో కొత్త పని ఏదీ నెత్తిన వేసుకోకూడదు.

మా బృందానికి ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో నాలుగు ఎక్స్‌టెన్షన్‌ బోర్డులు, రకరకాల లాప్‌టాప్‌లను ప్రొజెక్టరుకు కలిపే కన్వర్టర్లు, మైకు బ్యాటరీలు, మిగిలిపోయిన బ్యాడ్జీ తాళ్ళు, వంటవారికి చెప్పిన సంఖ్యా తిన్నవారి సంఖ్యా పక్కపక్కన రాసిన ఒక నోటు పుస్తకం ఉంటాయి. మూడో ఏడాది సమావేశం ముగిసిన సాయంత్రం దాన్ని తరువాతి బృందానికి అప్పగించాం, ఇప్పుడు వరంగల్లులో ఉంది. కన్వర్టర్లు మీరే కొనుక్కోవాలి కానీ, నోటు పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపమని వారిని అడుగుతాను.